సంధి కుదిర్చేవాళ్ళు కావాలి



నఫిల్ నమాజులు, నఫిల్ ఉపవాసాలు, దానధర్మాలు ఎంత పుణ్యప్రదమో మనందరికీ తెలుసు. రమజాన్ వచ్చిందంటే వీటి కోసం ఎంత ఆరాటపడతామో కూడా తెలుసు. అయితే వీటన్నిటికంటే ఉన్నతమైన శ్రేణి గల ఆచరణ ఒకటుందని మహాప్రవక్త (స) తన సహచరులకు చెప్పారు. చెడిపోయిన సంబంధాలను సరిదిద్దటం, ఇద్దరి మధ్య సయోధ్య కుదర్చటమే ఆ ఆచరణ. ఆ వెంటనే ఆయన ఒక హెచ్చరిక కూడా చేశారు. పరస్పర ద్వేషం మంగలికత్తి లాంటిదనీ, అయితే అది గొరిగేది వెంట్రుకలను కాదనీ, ధర్మాన్నేననీ అన్నారు. ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది.

జుమా ఖుత్బాలలో ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. విని, తల ఊపి, ఇంటికి వెళ్ళాం. మన వీధిలో ఇద్దరు అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోవటం లేదంటే మాత్రం 'వాళ్ళ ఇంటి వ్యవహారం మనకెందుకు' అని పక్కకు తప్పుకుంటాం. లేదా ఒకరి వైపు చేరి రెండోవారి మీద చాడీలు వింటాం. సంధి కుదర్చటం పెద్ద పుణ్యకార్యమని నమ్ముతూనే, దాన్ని మన చేతులతో చేయాల్సిన పనిగా ఎందుకు చూడలేకపోతున్నాం? అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. మన పిల్లల్లో ఎవరైనా 'నేను ఈ పనినే జీవితమంతా చేస్తాను' అంటే మనం ఏం జవాబు చెబుతాం? డాక్టరు, ఇంజనీరు, లేకపోతే దుబాయి అనే మన అలవాటైన లెక్కలో ఆ పనికి చోటుందా?

దూరం వెళ్ళనవసరం లేదు, సిరిసిల్ల నుంచే మొదలుపెడదాం. సిరిసిల్ల ప్రాంతం నుంచి బతుకుతెరువు కోసం దుబాయి వెళ్ళిన కార్మికులు కొందరు 2005లో ఒక హత్య కేసులో చిక్కుకున్నారు. చనిపోయినవాడు నేపాల్‌కు చెందిన కాపలాదారు. అతనూ వీళ్ళలాంటి పేద వలస కార్మికుడే. కోర్టు వీళ్ళకు దీర్ఘకాల శిక్ష వేసింది. అక్కడి చట్టం షరీఅత్ ప్రకారం ఒక దారి చూపుతుంది. హతుని వారసులు క్షమించదలిస్తే దియత్, అంటే రక్తపరిహారం తీసుకుని క్షమించవచ్చు. అప్పటి సిరిసిల్ల శాసనసభ్యుడు కె. తారక రామారావు 2011లో స్వయంగా నేపాల్ వెళ్ళి, హతుని కుటుంబాన్ని కలిసి 15 లక్షల రూపాయలు అందజేశారు. ఆ కుటుంబం క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టింది. అంతటితో పని అయిపోలేదు. క్షమాపణ పత్రం దుబాయికి చేరినా జైలు తలుపులు వెంటనే తెరుచుకోలేదు. ఏళ్ళ తరబడి అర్జీలు, లాయర్లు, రాయబారాలు నడిచాయి. చివరకు 2024 ఫిబ్రవరి నాటికి, దాదాపు 18 ఏళ్ళు జైలులో గడిపాక, వాళ్ళు ఒకరి వెనుక ఒకరుగా ఇంటిముఖం పట్టారు. వాళ్ళు వెళ్ళేటప్పుడు చంకలో ఉన్న పిల్లలు పెళ్ళీడుకు వచ్చేశారు.

ఈ సంఘటనను మనం జాగ్రత్తగా గమనించాలి. ఇలా ఇంటికి చేరినవాళ్ళలో చాలామంది ముస్లింలు కారు. మధ్యవర్తిగా వెళ్ళిన వ్యక్తీ ముస్లిం కాదు. వాళ్ళను ఇంటికి చేర్చిన దారికి మొదలు మాత్రం దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 178వ వాక్యంలో ఉంది. ప్రతీకారం న్యాయమైన హక్కు అయినప్పటికీ, హతుని తరఫువారు దాన్ని వదులుకోదలిస్తే మంచి పద్ధతిలో పరిహారం తీసుకోవచ్చునని అల్లాహ్ అక్కడ తెలియజేశాడు. ఇవ్వవలసినవారు సక్రమంగా ఇవ్వాలన్నాడు. ఇది మీ ప్రభువు తరఫున కలిగిన సౌలభ్యమనీ, కారుణ్యమనీ పేర్కొన్నాడు. చంపినవాడి గురించి మాట్లాడే ఆ సందర్భంలో సైతం హతుని వారసులకు అతణ్ణి 'సోదరుడు' అనే మాటతో గుర్తుచేశాడు. రక్తం చిందిన చోట కూడా సోదరభావానికి ఒక సందు మిగిల్చి ఉంచిన ధర్మం ఇది.

దియత్ అంటే ప్రాణానికి వెలకట్టి కొనుక్కోవటమని కొందరు తేలికగా మాట్లాడతారు. అది సరికాదు. క్షమించాలా వద్దా అనేది పూర్తిగా హతుని వారసుల ఇష్టం. వాళ్ళ మీద ఒత్తిడి తెచ్చి, బెదిరించి, పేదరికాన్ని ఆసరాగా తీసుకుని సంతకం పెట్టిస్తే అది సంధి కాదు, మరో జులుం. పైగా సౌదీ వంటి దేశాలలో వారసుల హక్కు వేరు, సమాజం తరఫున ప్రభుత్వానికున్న హక్కు వేరు. కేరళలోని కోజికోడ్‌కు చెందిన అబ్దుల్ రహీమ్ కేసులో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. సౌదీలో 2006లో ఒక బాలుని మృతికి కారకుడయ్యాడన్న ఆరోపణపై ఆయనకు మరణశిక్ష పడింది. 2024లో ప్రజలు చందాలు వేసి దాదాపు 34 కోట్ల రూపాయలు పోగుచేశారు. అదే ఏడాది జూలైలో రియాద్ కోర్టు మరణశిక్షను రద్దు చేసింది. అయినా 2025లో ప్రభుత్వ హక్కు కింద 20 ఏళ్ళ శిక్ష విధించి, అప్పటిదాకా జైలులో గడిపిన కాలాన్ని అందులో లెక్కించింది. డబ్బు కట్టగానే మనిషి విమానం ఎక్కేస్తాడని ఆశపెట్టే మధ్యవర్తి ఆ కుటుంబానికి మేలు చేయటం లేదు, కొత్త బాధ తెచ్చిపెడుతున్నాడు. ఈ పనికి జాలిగుండె ఒక్కటే చాలదనీ, చట్టం తెలియాలనీ, ఏళ్ళ తరబడి ఓపిక పట్టాలనీ అనటానికి ఇంతకంటే ఉదాహరణ వేరే అక్కరలేదు.

మహాప్రవక్త (స) జీవితాన్ని చూస్తే, సంధి కుదర్చటం ఆయన తీరుబాటు సమయంలో చేసిన పని కాదని తెలుస్తుంది. ఖుబాలో బనూ అమ్ర్ బిన్ ఔఫ్ తెగవారు తమలో తాము పోట్లాడుకుని రాళ్ళు రువ్వుకునే దాకా వెళ్ళారు. ఈ వార్త తెలియగానే ఆయన (స) పదండి, వాళ్ళ మధ్య సంధి చేద్దాం అంటూ సహచరులను వెంటబెట్టుకుని బయలుదేరారు. అక్కడ ఆలస్యమైంది. ఇక్కడ నమాజు వేళ దాటిపోతుందని హజ్రత్ బిలాల్ (రజి), హజ్రత్ అబూబక్ర్ (రజి)ను ఇమామత్‌కు నిలబెట్టారు. ప్రవక్త (స) తిరిగి వచ్చేసరికి నమాజు నడుస్తూ ఉంది. బుఖారీలో ఉన్న ఈ ఉల్లేఖనాన్ని నమాజు మసాయిల్ కోసం మనం చదువుతుంటాం. ఇమామ్ పొరపాటు పడితే వెనుకనున్నవారు ఏం చేయాలి అన్నది అందులోంచి తీసుకుంటాం. మస్జిదె నబవీలో తన ముసల్లాను వదిలి, జగడం జరుగుతున్న చోటికి ఆ ఇమామ్ ఎందుకు వెళ్ళారన్న సంగతి మాత్రం మన చర్చలోకి రాదు.

మరొక సంఘటన చూడండి. కఅబ్ బిన్ మాలిక్ (రజి)కు ఇబ్నె అబీ హద్రద్ (రజి) అప్పు ఉన్నారు. మస్జిద్‌లోనే ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఇంట్లో ఉన్న మహాప్రవక్త (స)కు ఆ అరుపులు వినిపించాయి. ఆయన తన గది పరదా తొలగించి, కఅబ్‌ను పిలిచి, అప్పులో సగం వదులుకోమని చేతితో సైగ చేశారు. కఅబ్ ఒప్పుకున్నారు. వెంటనే ఆయన రెండోవారి వైపు తిరిగి, ఇక లే, మిగిలినది చెల్లించు అన్నారు. ఎంత క్లుప్తమైన తీర్పో చూడండి! అప్పిచ్చినవాడు సగం వదులుకున్నాడు, తీసుకున్నవాడు మిగతా సగం ఆ క్షణమే ఇవ్వాలి. మన పంచాయితీలలో సాధారణంగా జరిగేది ఒక్క సగమే. హక్కు ఉన్నవాడికి 'పోనీలే భాయ్, వదిలెయ్' అని నచ్చజెబుతారు. ఇవ్వవలసినవాడికి గడువు మీద గడువు ఇస్తారు. ఏడాది తర్వాత చూస్తే, వదులుకున్నదీ పోయింది, మిగిలిందీ రాలేదు.

హుజురాత్ సూరా 9, 10 వాక్యాలలో విశ్వాసుల రెండు వర్గాలు పోట్లాడుకుంటే సంధి చేయమని అల్లాహ్ ఆదేశించాడు. ఒక వర్గం దౌర్జన్యానికి పాల్పడితే, అది దారికి వచ్చేవరకు దాన్ని ఎదిరించమన్నాడు. దారికి వచ్చాక న్యాయంగా సంధి చేయమన్నాడు. న్యాయం అనే షరతు లేని సంధి ఈ వాక్యాలలో లేదు. దెబ్బలు తిన్న కోడలిని అదే ఇంటికి పంపి 'సబ్ర్ చేయమ్మా' అనటం, తండ్రి ఆస్తిలో అక్కచెల్లెళ్ళ వాటా అడిగినందుకు 'అన్నదమ్ముల ప్రేమ పోగొట్టుకోకు' అనటం సంధి పేరిట జరిగే అన్యాయాలు. నిసా సూరాలో అల్లాహ్ స్వయంగా ఖరారు చేసిన వాటాను వదులుకోమని చెప్పే అధికారం ఏ పెద్దమనిషికీ లేదు. ఆమె వాటా ఆమె చేతిలో పెట్టాక, తన ఇష్టంతో ఇచ్చేస్తే అది వేరే మాట.

మధ్యవర్తి హద్దు ఎక్కడుందో బరీరా (రజి) వృత్తాంతం చెబుతుంది. బానిసత్వం నుంచి విముక్తి పొందాక ఆమెకు తన భర్త ముగీస్ (రజి)తో ఉండాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు లభించింది. ఆమె వద్దనుకుంది. ముగీస్ మదీనా వీధుల్లో ఆమె వెంట కన్నీళ్ళతో తిరుగుతుంటే మహాప్రవక్త (స)కు జాలి కలిగింది. అతని దగ్గరికి తిరిగి వెళ్తే బాగుంటుందని ఆమెకు సూచించారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన చెప్పారు. అయితే నాకు అతని అవసరం లేదని ఆమె తేల్చి చెప్పింది. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. అల్లాహ్ ప్రవక్త సిఫారసునే ఒక స్త్రీ కాదనగలిగిందంటే, మన మొహల్లా కమిటీ మాటను కాదనే హక్కు మన కూతుళ్ళకు ఉండదా?

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్ళలో నలిగే తగాదాల స్వభావం కూడా చెప్పుకోవాలి. సగానికి పైగా గల్ఫ్ నీడలో పుట్టినవే. అన్న దుబాయిలో పదేళ్ళు కష్టపడి పంపిన డబ్బుతో ఊళ్ళో ఇల్లు లేస్తుంది. స్థలం పట్టా తండ్రి పేరనో తమ్ముడి పేరనో ఉంటుంది. అతను తిరిగి వచ్చాక ఆ ఇల్లు ఎవరిదన్న ప్రశ్న మొదలవుతుంది. భర్త అక్కడ, భార్య ఇక్కడ అత్తమామల మధ్య. పంపిన డబ్బు ఎవరి చేతికి రావాలి, ఎవరు ఎవరికి లెక్క చెప్పాలి అన్నది ఫోన్లోనే పెద్ద గొడవగా మారుతుంది. వీసా ఏజెంటుకు కట్టిన డబ్బు, దానికోసం బంధువుల దగ్గర చేసిన అప్పు, వెళ్ళిన చోట చెప్పిన పని కాక వేరే పని దొరకటం మరో తగాదా. మరమగ్గాల మీద కూలి, బీడీలు చుట్టే ఆడవాళ్ళ లెక్కలు కూడా ఇందులో కలుస్తాయి. ఈ గొడవలలో కత్తులు లేవు, వార్తాపత్రికల్లో పేర్లు రావు. కానీ పెద్దాయన జనాజా ముందు కూడా ఇద్దరు కొడుకులు చెరోపక్క నిలబడి ముఖాలు తిప్పుకోవటం వీటి వల్లనే. మూడు రోజులకు మించి సోదరునితో మాట మానటం ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) చెప్పిన సంగతి ఆ జనాజాలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

వీటిలో చాలావాటికి ఒప్పందాన్ని కాగితం మీద పెట్టాలని ఖుర్ఆన్ ముందే చెప్పింది. బఖరా సూరా 282వ వాక్యం ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన వాక్యం. అది అప్పు పత్రం రాసుకోవటం గురించే. డబ్బు పంపేటప్పుడు అన్నదమ్ముల మధ్య రాసుకోవటం అవమానమనుకుంటాం. ఆ సిగ్గే తర్వాత పదేళ్ళ శత్రుత్వం తెచ్చిపెడుతుంది.

ఇక ఈ పనిని వృత్తిగా స్వీకరించవచ్చా అన్న ప్రశ్నకు వద్దాం. 'పుణ్యకార్యానికి జీతమా?' అని కొందరు అభ్యంతరం చెబుతారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయ్యాక వ్యాపారం మానిపించి, బైతుల్‌మాల్ నుంచి ఆయన ఇంటి ఖర్చు నిర్ణయించింది సహాబాలే. న్యాయం చెప్పేవాడికి తిండి దిగులు ఉంటే తీర్పు చెడిపోతుందని వాళ్ళకు తెలుసు. అయితే ఆ జీతం ఎవరి నుంచి అన్నదే అసలు ప్రశ్న. జకాత్ వసూలుకు వెళ్ళిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే ఆయన ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారు అన్నప్పుడు మహాప్రవక్త (స) మింబర్ ఎక్కి తీవ్రంగా మందలించారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. తగాదా పడ్డ రెండు వైపులలో ఒకరి ఇంట దావత్ తిని మధ్యవర్తిత్వం చేసేవాడికి ఈ హదీసు సరిపోతుంది. జీతం జమాఅత్ ఇవ్వాలి, సంస్థ ఇవ్వాలి, ప్రభుత్వం ఇవ్వాలి. గొడవ పడ్డవారి జేబు నుంచి రహస్యంగా రాకూడదు.

మన ఫిఖ్హ్‌లో ఇంకో ఆశ్చర్యకరమైన ఏర్పాటు ఉంది. జకాత్ పొందేందుకు అర్హులైన ఎనిమిది వర్గాల్లో 'గారిమీన్', అంటే రుణభారం పడ్డవారు ఒకరు. రెండు వర్గాల మధ్య రక్తపాతం ఆపటానికి దియత్‌నో నష్టపరిహారాన్నో తన నెత్తిన వేసుకుని అప్పులపాలైన మనిషి కూడా వీరిలోకి వస్తాడని ఫుఖహాలు చెప్పారు. అతను ధనవంతుడైనా సరే ఇవ్వవచ్చునని వారిలో చాలామంది అభిప్రాయం. ఖబీసా బిన్ ముఖారిఖ్ (రజి) ఇటువంటి భారం మోసి సహాయం కోసం వస్తే, సదఖా సొమ్ము వచ్చేదాకా ఉండమని ప్రవక్త (స) చెప్పినట్టు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. అడుక్కోవటాన్ని అంతగా నిరసించిన ప్రవక్త (స), సంధి కోసం అప్పుపడ్డవాడికి మాత్రం అడిగే అనుమతి ఇచ్చారు. మన ఊళ్ళలో జకాత్ పంచేటప్పుడు ఈ పద్దు ఎవరికైనా గుర్తుకు వస్తుందా?

జీవితమంతా ఈ పనికే ఇచ్చినవారు మన దేశంలో లేకపోలేదు. బీహార్‌లోని ఫుల్వారీ షరీఫ్‌లో 1921లో ఇమారతె షరయ్యా ఏర్పడింది. అక్కడి దారుల్ ఖజాలో మౌలానా ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ దశాబ్దాలపాటు ఖాజీగా కూర్చుని, భార్యాభర్తల కేసులు, ఆస్తి కేసులు విన్నారు. 2002లో కన్నుమూసే నాటికి ఆయన ముస్లిం పర్సనల్ లా బోర్డు అధ్యక్షుడు. ఆ బోర్డు కూడా 1973లో మన హైదరాబాదులోనే స్థాపితమైంది. అయితే ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. దారుల్ ఖజా తీర్పు గానీ ఫత్వా గానీ చట్టపరంగా ఎవరినీ కట్టడి చేయలేదని, ఇష్టపడి వచ్చినవారికే అది వర్తిస్తుందని 2014 జూలై 7న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. దీన్ని విని కొందరు కలత చెందారు. మాకైతే ఇందులో కొత్తగా కలత చెందవలసిందేమీ కనిపించలేదు. బలవంతం లేని చోటే సంధి కుదురుతుంది. బరీరా (రజి) వృత్తాంతం చెప్పింది కూడా ఇదే కదా!

2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టం, అంటే మీడియేషన్ యాక్టు చేసింది. అందులో సామాజిక మధ్యవర్తిత్వానికి ఒక అధ్యాయమే ఉంది. ఒక ప్రాంతంలోని కుటుంబాల మధ్య, నివాసుల మధ్య శాంతిని చెడగొట్టే తగాదాలను, ఇరుపక్షాల ముందస్తు అంగీకారంతో, ముగ్గురు మధ్యవర్తుల బృందం పరిష్కరించవచ్చునని అది చెబుతుంది. సమాజంలో మంచి పేరు, నిజాయితీ ఉన్నవారినే ఆ జాబితాలో చేర్చాలంటుంది. ఇలా కుదిరిన ఒప్పందం శాంతి కోసమే తప్ప కోర్టు డిక్రీలా అమలుకాదని కూడా చెబుతుంది. కోర్టు కేసుగా నడుస్తున్న తగాదా అయితే 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం కింద లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. అక్కడ వచ్చిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. కోర్టులకు అనుబంధంగా పనిచేసే మధ్యవర్తులకు 2005లో ఏర్పడిన సుప్రీంకోర్టు కమిటీ 40 గంటల శిక్షణ నిర్ణయించింది. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా 2004లో నెల్సన్ మండేలా పేరిట శాంతి, సంఘర్షణ పరిష్కార అధ్యయన కేంద్రాన్ని ప్రారంభించి ఎం.ఎ. చదువు చెబుతోంది.

మన మదరసాల్లో చదివిన ఆలిమ్‌కు ఫిఖ్హ్ తెలుసు, సెక్షన్లు తెలియవు. మన న్యాయవాది పిల్లవాడికి సెక్షన్లు తెలుసు, ఇద్దత్‌కు, ఖులాకు తేడా తెలియదు. ఈ ఇద్దరూ ఒకచోట కూర్చోకపోవటమే మన లోటు. ఏది రాజీ పడదగినదో, ఏది కాదో తెలియకుండా మధ్యవర్తిగా కూర్చోవటం ప్రమాదం. ఒకే ఊపిరిలో చెప్పే మూడు తలాఖులు చెల్లవని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. 2019 చట్టం దాన్ని మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడే నేరం చేసింది. ఈ చట్టంపై ఉలమాల అభ్యంతరాలు ఏమైనా, మధ్యవర్తికి దీని పరిణామాలు తెలిసి ఉండాలి. చిన్నపిల్లల మీద అత్యాచారం, హత్యాయత్నం వంటి వాటిని 'ఇంటి పరువు' పేరుతో మస్జిద్ వరండాలో ముగించాలని చూడటం నేరాన్ని కప్పిపుచ్చటమే. అక్కడ మధ్యవర్తి చేయవలసిన పని పోలీసు స్టేషనుకు దారి చూపటం.

స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నిసా సూరా 35వ వాక్యం భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందని భయపడితే అతని తరఫున ఒకరిని, ఆమె తరఫున ఒకరిని నియమించమని చెబుతుంది. ఆమె తరఫు మనిషి నిజంగా ఆమె మాట విన్నవాడై ఉండాలి. పదిమంది మగవాళ్ళు కూర్చున్న చోట ఒక యువతి తన పడకగది బాధ చెప్పగలదా? హుదైబియా రోజున సహాబాలు దుఃఖంతో కదలకుండా కూర్చున్నప్పుడు, ముందు మీరే బయటికి వెళ్ళి ఖుర్బానీ ఇచ్చి తల గొరిగించుకోండని మహాప్రవక్త (స)కు సలహా ఇచ్చింది విశ్వాసుల మాతృమూర్తి ఉమ్మె సలమా (రజి). ఆ ఒక్క సలహాతో ప్రతిష్టంభన తొలగిపోయింది. మన ఆలిమాలకు, డిగ్రీ చదివిన ఆడపిల్లలకు ఈ పనిలో శిక్షణ ఇప్పించటం మీద జమాఅత్ పెద్దలు ఆలోచించాలి.

హుదైబియా మాట వచ్చింది కనుక ఇంకొక్కటి. హిజ్రీ 6లో ఆ ఒప్పంద పత్రం మీద 'అల్లాహ్ ప్రవక్త' అన్న మాట రాయటానికి ఖురైషుల దూత సుహైల్ ఒప్పుకోలేదు. హజ్రత్ అలీ (రజి) చేతులు ఆ మాట చెరపటానికి రాలేదు. ఆయన (స) దాన్ని తొలగింపజేసి, అబ్దుల్లాహ్ కుమారుడు ముహమ్మద్ అని రాయించారు. తన బిరుదు కాగితం మీద లేనంత మాత్రాన నిజం మారదని ఆయనకు తెలుసు. ఓటమిలా కనిపించిన ఆ ఒప్పందాన్నే అల్లాహ్ స్పష్టమైన విజయంగా ప్రకటించాడు.

ఇతర మతస్థులతో మన సంబంధాలలో ఈ గుణం ఎంత అవసరమో వేరే చెప్పాలా? 2023లో మీలాదున్నబీ, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు, సెప్టెంబరు 28న పడ్డాయి. హైదరాబాదులో మీలాద్ కమిటీ పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. 2024లో కూడా ఇలాగే సెప్టెంబరు 19కి మార్చుకున్నారు. ఊరేగింపుల ధర్మబద్ధతపై ఉలమాల మధ్య ఉన్న చర్చ ఇక్కడ మన విషయం కాదు. వీధిలో హక్కు ఉన్నప్పటికీ ఒక అడుగు వెనక్కి వేసిన ఆ నిర్ణయం ఎన్ని ఇళ్ళను కాపాడిందో లెక్కకట్టలేం. నైజీరియాలోని కడూనాలో ఇమామ్ ముహమ్మద్ అషఫా, పాస్టర్ జేమ్స్ వుయె ఒకప్పుడు ఎదురెదురు వర్గాల సాయుధ యువకులను నడిపినవారు. 1992 అల్లర్లలో పాస్టర్ ఒక చేయి కోల్పోయాడు. ఇమామ్ తన గురువును, ఇద్దరు దాయాదులను కోల్పోయాడు. 1995 నుంచి వాళ్ళిద్దరూ కలిసి మతాల మధ్య మధ్యవర్తిత్వమే వృత్తిగా చేసుకున్నారు. ఎవరి ధర్మాన్ని వారు వదులుకోలేదు. ఒకరినొకరు తమ ధర్మంలోకి పిలవటం కూడా మానలేదు.

మన ప్రాంతానికి హింస కొత్త కాదు. 1978 సెప్టెంబరు 7 జగిత్యాల జైత్రయాత్ర తర్వాత, అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు రెండు వైపులా తుపాకుల మధ్య ఊళ్ళు నలిగాయి. 1997 నుంచి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక ఇరుపక్షాలనూ మాటలకు ఒప్పించటానికి తిరిగింది. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి, అవి నిలవలేదు. నిలవకపోయినా, ఆ విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారిని రెండు వైపులా నమ్మాయి. ఏ పక్షం నుంచీ ఏమీ ఆశించని మనిషికే అటువంటి నమ్మకం దక్కుతుంది.

కాబట్టి ఇంటరు, డిగ్రీ, ఆలిమ్ కోర్సు ముగించిన యువతీయువకులకు మా సూచన ఇది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్ళి, పారా లీగల్ వాలంటీరుగా చేరటం ఎలాగో అడగండి. దానికి న్యాయశాస్త్ర పట్టా అక్కరలేదు. లోక్ అదాలత్ జరిగే రోజున వెళ్ళి ఒక మూల కూర్చుని చూడండి. మస్జిద్ కమిటీలవారు నెలకు ఒక్క ఆదివారం, అసర్ నుంచి మగ్రిబ్ వరకు, ఒక ఆలిమ్‌ను, ఒక న్యాయవాదిని, ఒక చదువుకున్న స్త్రీని కూర్చోబెట్టే ఏర్పాటు చేయండి. వచ్చినవారిని ముందు విడివిడిగా వినాలి. ఒకరు చెప్పింది రెండోవారికి మోయకూడదు, వారు పలికిన మంచి మాట మాత్రమే మోయాలి. సంధి కోసం మంచి మాటను చేరవేసేవాడు అబద్ధాలకోరు కాడని ప్రవక్త (స) చెప్పినట్టు బుఖారీలో ఉంది. ఒప్పందం కుదిరితే తెలుగులో, ఇరువురికీ అర్థమయ్యే మాటల్లో రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, చెరో ప్రతి ఇవ్వాలి. చెల్లించవలసిన తేదీ అందులో తప్పక ఉండాలి. ఆ తేదీన మధ్యవర్తి తానే వెళ్ళి తలుపు తట్టాలి.